షట్టరు తెరిచి ఉన్నంతసేపు

కొలతల ఆఫీసు క్వార్టర్సు,
సముద్రం ఒడ్డు

మామయ్యా,

క్షేమంగా చేరాను. నా పని నువ్వు అనుకున్నదే. సముద్రం ఎంత పైకి లేచింది, ఎంత కిందకి దిగింది అని కొలిచి రేవు ఆఫీసుకి పంపాలి. "నీళ్ళు కొలవటానికి ఒక మనిషి, ఆ మనిషికి ఒక క్వార్టర్సు!" అని అత్తయ్య బుగ్గలు నొక్కుకుంటూ ఉంటుంది, నాకు తెలుసు. రెండు గదులు, ఒక వరండా. కిటికీ ఊచలు ముట్టుకుంటే తుప్పు రాలుతోంది. ఉప్పుగాలి తలుపు బందుల్ని కూడా తినేసింది, రాత్రి గడియ పెట్టాలంటే తలుపుని ఎత్తి పట్టుకోవాలి. ఫోను లేదు. రేవు ఆఫీసులో ఉన్నది ఎప్పుడూ మూగనోము పట్టే ఉంటుందట. కాబట్టి మనకి ఉత్తరాలే గతి.

పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొలత చూస్తే చాలు. మధ్యాహ్నమంతా ఖాళీ. ఇంటి ముందే నల్లరాళ్ళు. నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు ఇసుక కనుచూపు మేర బయటపడుతుంది. అది చూసిన దగ్గర్నించీ చేతులు ఊరుకోవటం లేదు. షట్టరు నిమిషాల తరబడి తెరిచి ఉంచి తీస్తే అలలు పొగలా వస్తాయంటారు కదా, అలా తియ్యాలని ఉంది. నువ్వు జీవితమంతా మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి "కదలకండి" అంటూ తీశావు. నేను కదిలేదాన్నే తీస్తాను.

నా దగ్గర నువ్విచ్చిన పాత ఫిల్ము కెమెరా ఉంది, బజార్లో కొన్న సన్నకాళ్ళ ట్రైపాడ్ ఉంది. ఇంకేం కావాలో, సంచిలో ఏది ఎలా సర్దుకోవాలో చెప్పు.

నీ కాకిపిల్ల


స్టూడియో,
మేడ మీద గది

కాకిపిల్లకి,

నీ ట్రైపాడ్ సంగతి ముందు. సముద్రపు గాలికి అది చలిజ్వరం వచ్చినదానిలా వణుకుతుంది. స్టూడియోలోని చెక్క ట్రైపాడ్ పార్సిల్లో పంపుతున్నాను. గాడిదబరువు అని తిట్టుకుంటావు, తిట్టుకో. బరువే దాని మంచితనం. కాళ్ళు ఇసుకలోకి గట్టిగా దించు. ఒక అల వచ్చి పోయేదాకా ఆగు. అల వెనక్కి లాగినప్పుడు అది ఇంకాస్త దిగుతుంది. అప్పుడు గానీ కెమెరా బిగించకు. సంచిని మధ్యలో వేలాడదియ్యి, కానీ గాలికి ఊగనివ్వకు. అడుగు ఇసుకకి ఆనాలి.

వెలుతురు తగ్గించే నల్ల ఫిల్టరు కూడా పెట్టాను. అది పెట్టాక నీకు లోపల కాటుక డబ్బా తప్ప ఏమీ కనపడదు. కాబట్టి బొమ్మ ముందే చూసుకుని, ఫోకసు రింగు మీద టేపు అంటించి, ఆ తర్వాత ఫిల్టరు తిప్పు. కెమెరా ముట్టుకోకుండా షట్టరు నొక్కే కేబుల్ రిలీజులు రెండు పట్టుకెళ్ళు, ఒకటి తప్పకుండా మొరాయిస్తుంది. లెన్సు మాత్రం ఒక్కటే. రెండు పట్టుకెళ్ళినవాడు రెండూ ఉప్పుకి సమర్పించి వస్తాడు. లెన్సు మీద తుంపర పడితే పొడిగుడ్డతో రుద్దకు, ఉప్పు గీస్తుంది. ముందు మంచినీళ్ళ తడి, తర్వాత పొడిగుడ్డ. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతచీర ముక్కలు మీ అత్తయ్య పెట్టింది.

ఫిల్ము గురించి ఒక్క మాట. అది మొదట చురుగ్గా పనిచేస్తుంది, పోనుపోను గుమాస్తాలా బద్ధకిస్తుంది. లెక్కప్రకారం నిమిషం వస్తే రెండు ఇవ్వు. నాలుగు వస్తే పది ఇచ్చినా తప్పులేదు. షట్టరు తెరిచి ఉండగా ఎవరైనా అడ్డంగా నడిచిపోతే కంగారుపడకు. నడిచేవాళ్ళు ఫిల్ము మీద పడరు. ఆగి నిలబడ్డవాళ్ళే పడతారు.

సంచిలో ముందు కావలసింది పైన ఉండాలి. గొడుగు, గుడ్డ, కేబులు, ఫిల్టరు, కెమెరా, ఆ వరసలో. మిగతాది నీ తెలివి.

నాకూ ఒకసారి అలాంటి చోట నిలబడాలని ఉండేది. నా ఎడంకాలు చిన్నప్పట్నించీ ఈడ్చుకుంటూ నడిచేదే కదా, ఇసుకలో ఏం నడుస్తుంది? ఫిల్ము చుట్టలు నాకు పంపు. డార్క్‌రూమ్ నా గది పక్కనే ఉంది, కడిగి ప్రింట్లు తీసి పంపుతాను. దాంతో నేనూ వచ్చినట్టే.

మామయ్య


సముద్రం ఒడ్డు

మామయ్యా,

నీ గాడిదబరువుకి నా భుజం కమిలిపోయింది. కానీ కాళ్ళు దించి, అల కోసం ఆగి, అది ఇంకాస్త దిగినప్పుడు నువ్వు పక్కన నిలబడి "చూశావా" అన్నట్టే అనిపించింది.

ఒక్క వింత చెప్పాలి. షట్టరు తెరిచి, అది మూసుకోకుండా కేబుల్ మర బిగించగానే అలల చప్పుడు తగ్గిపోతోంది. గాలి ఆగదు, అలలు ఆగవు, కళ్ళముందే విరుగుతున్నాయి. కానీ చప్పుడు మాత్రం పక్కింట్లో ఎవరో తలుపు వేసినట్టు దూరమైపోతుంది. షట్టరు మూయగానే మళ్ళీ మామూలే. ఒక్కదాన్నే ఉండటం వల్ల చెవులు అలా చేస్తున్నాయేమో. ఈ ఒడ్డుకి ఎవరూ రారు. పడవలవాళ్ళంతా అవతలి వంపులో దిగుతారు.

చుట్ట పంపుతున్నాను. బాగా రాకపోతే నెమ్మదిగా చెప్పు.

కాకిపిల్ల


స్టూడియో

కాకిపిల్లకి,

నాలుగు ప్రింట్లు పంపుతున్నాను. రాళ్ళ మధ్య నీళ్ళు పాలపొగలా వచ్చాయి. మీ అత్తయ్య చూసి "ఇది సముద్రమా, మబ్బా?" అంది. అంతకంటే మెప్పు ఏం కావాలి? చుట్టలో చివరి రెండూ పాడయ్యాయి, అవి పంపటం లేదు. ఎక్కడో వెలుతురు దూరినట్టుంది. కెమెరా వెనక కన్నానికి గుడ్డ కప్పటం మరచిపోకు.

నువ్వు తీస్తున్నప్పుడు ఒడ్డుకి ఎవరైనా వచ్చారా? ముసలివాడెవరైనా? ఊరికే అడుగుతున్నా. ఈసారి కెమెరా రాళ్ళవైపు కాకుండా కొండవైపు తిప్పి తీసి చూడు. వెలుతురు అటే బాగుంటుంది.

మామయ్య


సముద్రం ఒడ్డు

మామయ్యా,

నీ చేతిలో ఫిల్ము పాడవటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చూడని ఒడ్డుకి వెలుతురు ఎటునుంచి బాగుంటుందో స్టూడియో మేడ మీద కూర్చుని చెబుతున్నావా? ముసలివాడి మాట ఎందుకు అడిగావు?

నువ్వు దాచావు గనక నేను దాచినది కూడా చెబుతాను. నవ్వుతావని రాయలేదు. షట్టరు మూసి సంచి సర్దుకుంటుంటే ట్రైపాడ్ పక్కన అడుగుజాడలు కనపడుతున్నాయి. వట్టికాళ్ళవి, తడివి. ఎక్కడినుంచో వచ్చినవి కావు. ట్రైపాడ్ దగ్గరే మొదలై నీళ్ళవైపు పోతున్నాయి. కుడిపాదం శుభ్రంగా పడింది. ఎడంపాదం పక్కన గీత ఉంది, కాలు ఈడ్చినట్టు.

ఆ కాలు నాకు తెలుసు మామయ్యా. దాని చప్పుడు వింటూ పెరిగాను. ఆ రెండు ప్రింట్లూ పంపు.

కాకిపిల్ల


స్టూడియో

కాకిపిల్లకి,

పంపుతున్నాను. కూర్చుని చూడు.

నిలబడి ఉన్నది నేనే. వీపు మీద చిరిగిన బనీను చూస్తే మీ అత్తయ్య కూడా గుర్తుపడుతుంది, అందుకే ఆమెకి చూపించలేదు. మొదటిదాంట్లో రాళ్ళ ఇవతల ఉన్నాను. రెండోదాంట్లో రాళ్ళు దాటాను. అన్ని నిమిషాలపాటు కనురెప్పంత కూడా కదలకుండా ఉన్నాను. స్టూలు మీద కూర్చున్నవాళ్ళెవరూ నాకు అంత బాగా ఎప్పుడూ కుదరలేదు.

ఇంకోటి కూడా దాచాను. ఊపిరితిత్తులు బాగాలేవు. మెట్లు దిగి స్టూడియోలోకి వెళ్ళి చాలాకాలమైంది. డాక్టరు మధ్యాహ్నం తప్పకుండా పడుకోమన్నాడు. పడుకున్నప్పుడల్లా నేను నీ ఒడ్డున ఉంటున్నాను. కలలా లేదు. చల్లని ఇసుక, కాళ్ళ కింద గవ్వల గరుకు. వెనక్కి తిరిగితే నా ట్రైపాడ్, దాని పక్కన నువ్వు చేతులు కట్టుకుని నిలబడి. లేచి చూస్తే నా కాళ్ళు తడిగా ఉంటున్నాయి. "కాళ్ళు తుడుచుకోకుండా మంచమెక్కుతారేం?" అని మీ అత్తయ్య దెబ్బలాడుతోంది.

భయపడకు. అక్కడ నాకు ఆయాసం లేదు. గుండెనిండా గాలి పీలుస్తున్నాను. ఇక్కడ ఒక గ్లాసు నీళ్ళు తాగాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతున్నవాణ్ణి. ఫోటోలు ఆపకు. ఇంకేం అడగను నిన్ను.

మామయ్య


స్టూడియో

అమ్మాయీ,

నేను ఉత్తరాలు రాసేదాన్ని కాదని నీకు తెలుసు. మీ మామయ్యకి తెలియకుండా రాస్తున్నాను. ఈమధ్య మధ్యాహ్నం పడుకుంటే దీపాలు పెట్టేదాకా లేవటం లేదు. కుదిపినా పలకరు. చెయ్యి పట్టుకుంటే ఐసుముక్క. దుప్పటి దులిపితే ఇసుక రాలుతోంది. ఈ ఇంట్లో ఇసుక ఎక్కడిది తల్లీ?

తలగడ కింద, నువ్వు ఆపకుండా తీస్తున్న ఫోటోల ప్రింట్లు దొరికాయి. వరసగా పేర్చి చూశాను. ఒకదాంట్లో మడమల దాకా, ఇంకోదాంట్లో మోకాళ్ళ దాకా, ఆఖరుదాంట్లో నడుం దాకా నీళ్ళలో ఉన్నారు. నాకు ఫోటోల సంగతి తెలియదు. కానీ ఆ తర్వాతది ఎలా ఉంటుందో తెలుసుకోవటానికి చదువు అక్కర్లేదు.

మీరిద్దరూ కలిసి ఏం చేస్తున్నారో ఆపండి.

అత్తయ్య


సముద్రం ఒడ్డు

మామయ్యా,

అత్తయ్య రాసింది. దెబ్బలాడకు ఆమెతో.

ఫిల్టరు డబ్బాలో పెట్టేశాను. కేబుళ్ళు చుట్టేశాను. కెమెరాకి గుడ్డ చుట్టి ఇనప్పెట్టెలో అడుగున పెట్టాను. ట్రైపాడ్ కాళ్ళు మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, అటక మీదికి ఎక్కించాను. ప్రింటు మీద నువ్వు నాకు దూరమవుతుంటే, అలలు బాగా వచ్చాయా లేదా అని చూస్తున్న మనిషిని నేను. నా మీద నాకే అసహ్యం వేసింది.

నీకు అక్కడ ఆయాసం లేదన్నావు. నాకు తెలుసు ఎంత ఇష్టంగా రాశావో. అయినా ఆయాసంతోనే సరే, ఇటువైపే ఉండు. కోపం వస్తే రానీ.

కాకిపిల్ల


స్టూడియో

కాకిపిల్లా,

కళ్ళు మూతపడుతుంటే రాస్తున్నాను, అక్షరాలు సర్దుకుని చదువుకో.

కోపం లేదు. కానీ నువ్వొకటి తప్పు అనుకున్నావు, నేనూ అనుకున్నాను. నీ షట్టరు నన్ను అక్కడికి పిలవటం లేదు. నువ్వు ఆపేశాక కూడా నేను వెళుతున్నాను. కళ్ళు మూస్తే చాలు. ఇదివరకు వెనక్కి తిరిగితే ట్రైపాడ్ కనపడేది, అటు నడిస్తే మెలకువ వచ్చేది. ఇప్పుడు ఎటు తిరిగినా ఒకటే తెలుపు. ఒడ్డేదో లోతేదో తెలియటం లేదు. నిన్న చాలాసేపు తిరిగాను. నీళ్ళు గడ్డానికి తగిలాక మీ అత్తయ్య కేకలు ఎక్కడో వినిపించి బయటపడ్డాను.

ఇంకో సంగతి. ఆ తెలుపులో నేను ఒక్కణ్ణే ఉన్నానని అనుకోవటం లేదు.

నిద్ర ఆపుకుంటున్నాను. ఎంతసేపని ఆపుకోను? ట్రైపాడ్ దించు.

మామయ్య


సముద్రం ఒడ్డు

మామయ్యా,

నువ్వు ఇది చదువుతున్నావంటే లేచావన్నమాటే. లేచావనే రాస్తున్నాను.

నీ ఉత్తరం పొద్దున్నే అందింది. వెంటనే అటక మీంచి ట్రైపాడ్ దించాను. ఫోటో కోసం సర్దే సంచి వేరు, ఇది వేరు. కడవంత సంచిలో ఇసుక నింపి ట్రైపాడ్‌కి కట్టటానికి తాడు తీసుకున్నాను. రెండు కేబుళ్ళూ పెట్టాను. పోటు వస్తే కాళ్ళు కొట్టుకుపోకుండా రాళ్ళు ఆనించాలని పార తీసుకున్నాను. అత్తయ్య పంపిన గుడ్డల్లో ఒక ఎర్రచీర ముక్క ఉంది, తెల్లటిదాంట్లో దూరంనుంచి కనపడాలని అది కెమెరా పైన కట్టాను. లెన్సుకి తుంపర తగలకుండా గొడుగు గుచ్చాను. నీ వరస తప్పాను, ఏది పైన ఉందో ఏది కింద ఉందో చూసుకోలేదు, తిట్టకు.

షట్టరు తెరిచి మర బిగించాను. చప్పుడు తగ్గింది. ఈసారి నేను పక్కన నిలబడలేదు. చెప్పులు విప్పి నీళ్ళలోకి నడిచాను. నడుం దాకా వెళ్ళాక, ప్రింటులో నువ్వు ఉన్నచోటు ఇదే అనిపించి ఆగాను. చెయ్యి చాపి కదలకుండా నిలబడ్డాను. కంటికి ఏమీ లేదు, పొగమంచు తప్ప. "మామయ్యా, ఇటు" అన్నాను. ఎంతసేపో తెలియదు. నా పళ్ళు టకటకలాడాయి.

అప్పుడు చేతిలోకి ఒక చెయ్యి వచ్చింది.

చల్లగా ఉంది. గట్టిగా పట్టుకుంది. వేళ్ళు పొడుగ్గా, మెత్తగా అనిపించాయి, నీళ్ళలో నానితే అలాగే ఉంటాయిలే అనుకున్నాను. పట్టుకున్నదాన్ని వదలకుండా, ఎర్రగుడ్డ మీద చూపు తిప్పకుండా ఒడ్డుకి నడిచాను. ఇసుకలోకి రాగానే చేతిలో బరువు పోయింది. వెనక్కి తిరిగి చూస్తే నా అడుగుల పక్కన ఇంకో జత అడుగులు. గీత లేదు మామయ్యా! కాలు ఈడ్వలేదు నువ్వు! అక్కడే కూలబడి ఏడ్చేశాను.

ఇంటికొచ్చాక కూడా వరండా మెట్ల మీద తడి అడుగులు ఉన్నాయి. గుమ్మందాకా దిగబెట్టటానికి వచ్చావని నవ్వుకున్నాను. చుట్ట పంపుతున్నాను. లేచి, నీ చేత్తో నువ్వే కడుగు.

కాకిపిల్ల


స్టూడియో

కాకిపిల్లకి,

లేచాను. లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగానట, మీ అత్తయ్య గ్లాసు ఇవ్వటం మానేసి నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ రోజునుంచి పడుకుంటే మామూలు నిద్రే. కాళ్ళు పొడిగా ఉంటున్నాయి. డాక్టరు తన మందు పనిచేసిందంటున్నాడు, అననీ. ఆయాసం ఉంది. ఉన్నా ఇటువైపే ఉన్నాను. నువ్వు నన్ను వెనక్కి తెచ్చావు, అందులో ఏ అనుమానమూ పెట్టుకోకు.

కానీ చెయ్యి పట్టుకుని కాదు.

నాకు తెల్లటిదాంట్లో దూరంగా ఎర్రగా ఏదో కనపడింది. అటే నడిచాను, ఒక్కణ్ణే, కాలు ఈడ్చుకుంటూనే. దారిలో నువ్వు నాకు ఎదురొచ్చావు. పిలిచాను. నువ్వు నన్ను దాటి లోపలికి వెళ్ళిపోయి చెయ్యి చాపి నిలబడ్డావు. మళ్ళీ అరిచాను. వినలేదు. అప్పటికే నేను ట్రైపాడ్‌ని చేరాను, మెలకువ వచ్చేసింది.

కలవరించాననుకుంటావని ఫిల్ము కడిగేదాకా ఆగాను. కడిగాను. లెన్సుకి అతి దగ్గరగా, మసకగా, ఒక పెద్ద ఆకారం ఉంది. అది నేను, ఒడ్డు చేరినవాణ్ణి. దూరంగా నీళ్ళలో నువ్వున్నావు. నీ పక్కన, నీ చెయ్యి పట్టుకుని, ఇంకొకరు ఉన్నారు. నా కంటే చాలా పొడుగు. తల వంచి ఉండటంతో ఆడో మగో తెలియలేదు. నీకంటే నిశ్చలంగా ఉన్నారు.

ప్రింటు తియ్యలేదు. నెగటివ్ కాల్చేశాను.

నువ్వు ఒడ్డుకి తెచ్చింది నన్ను కాదు. ఈ ఉత్తరం అందగానే సామాన్ల మొహం చూడకుండా బయల్దేరు.

మామయ్య


బస్సులోంచి

మామయ్యా,

బస్సు కుదుపులకి అక్షరాలు గెంతుతున్నాయి.

నీ ఉత్తరం వచ్చేసరికి నేను అలవాటుపడిపోయి ఉన్నాను. రోజూ పొద్దున వరండాలో తడి అడుగులు కనపడేవి. నువ్వే అనుకుని "వచ్చావా" అనేదాన్ని. మొదట మెట్ల మీద ఉండేవి, తర్వాత గుమ్మం దగ్గరికి వచ్చాయి. నీ ఉత్తరం అందిన పొద్దున మంచం పక్కన ఉన్నాయి. రెండు పాదాలూ నావైపు తిరిగి, పక్కపక్కన.

నువ్వు చెప్పినట్టు వెంటనే పరిగెత్తబోయాను. గుమ్మంలో ఆగిపోయాను. ఎవరో పాపం, ఎన్నాళ్ళనుంచి ఆ తెలుపులో తిరుగుతున్నారో. పట్టుకోవటానికి ఒక చెయ్యి దొరికింది, పట్టుకున్నారు. అందులో తప్పేముంది? అలాగని నా వెంట మీ ఇంటికి తీసుకురాలేను కదా.

ట్రైపాడ్ భుజాన వేసుకుని ఒడ్డుకి వెళ్ళాను. కాళ్ళు లోతుగా దించాను. అల వచ్చి పోయింది, ఇంకాస్త దిగింది. కెమెరాలో ఫిల్ము వెయ్యలేదు. ఎర్రగుడ్డ కట్టి, షట్టరు తెరిచి, కేబుల్ మర బిగించాను. చప్పుడు తగ్గింది. "ఇది మీకోసం ఉంచుతున్నాను. దారి తప్పితే ఇక్కడికి రండి. నేను మాత్రం వెళ్ళాలి" అని పైకే అన్నాను. ఎవరికి చెబుతున్నానో తెలియకుండా 'మీరు' అని మన్నించి మాట్లాడటం నాకు అదే మొదటిసారి.

కాసేపటికి నా పక్కన ఇసుక మెల్లగా అణిగింది. ఒక పాదం, తర్వాత ఇంకోటి. సముద్రంవైపు తిరిగి, ట్రైపాడ్‌ని ఆనుకుని ఆగాయి. ఆగిపోయాయి.

షట్టరు మూయలేదు మామయ్యా. అలాగే వదిలేసి వచ్చాను. నీ చెక్క ట్రైపాడ్, నువ్విచ్చిన కెమెరా, అన్నీ. తెరిచి ఉన్నంతసేపు అక్కడే నిలబడతారని నా ఆశ. ఉప్పు ఆ మరని ఎన్నాళ్ళకి తినేస్తుందో నాకంటే నీకే బాగా తెలుసు, నాకు చెప్పకు.

బస్సులో పెద్దగా జనం లేరు. నా పక్క సీటు ఖాళీ. చేత్తో తడిమి చూశాను. పొడిగానే ఉంది.

వస్తున్నాను.

కాకిపిల్ల